అసురుల యుద్ధంలో పొత్తులు

కిమ్ స్టాన్లీ రాబిన్‌సన్ 2002లో వెలువరించిన ‘ది ఇయర్స్ ఆఫ్ రైస్ అండ్ సాల్ట్’ ప్రత్యామ్నాయ చరిత్ర నవల. మహమ్మారి వల్ల ఐరోపా జనశూన్యం కాగా చైనా, ఇస్లామిక రాజ్యాలు ప్రబలుతాయి. వాటి దీర్ఘయుద్ధంలో భారతీయ కూటమి చైనా పక్షాన నిలిచేది మైత్రితో కాదు, ఉమ్మడి శత్రుభయంతో. ఆ భాగానికి ‘అసురుల యుద్ధం’ అన్న పేరు సార్థకం. బౌద్ధ విశ్వవర్ణనలో అసురులను నడిపేది ఈర్ష్యే. భయం హేతువైన పొత్తు ఆ భయంతోనే అంతరిస్తుందని ప్రతీత్యసముత్పాదం ఎరిగిన పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురుగా రచయిత జన్మజన్మలకూ కలిసే చిన్న ‘జాతి’ని నిలిపాడు. అందులోనూ కోపిష్ఠికీ సహనశీలికీ పొసగదు. అయినా ఒకరినొకరు విడువరు. అయితే ప్రతి జన్మలోనూ పేరులోని తొలి అక్షరం మారకపోవడం శాశ్వతాత్మ భ్రమకు తావిస్తుంది. మరల పుట్టినవాడు అతడేననీ అన్యుడనీ అనరాదన్న మిళిందపన్హ సూక్ష్మత ఇక్కడ సడలింది. నవలలోని లోపం అదే. కలహిస్తూనే నిలిచే సహచర్యాన్ని చూపడం దాని బలం.