బుగ్గ ఎరుపు దండకం

ముందుగా మా ఇంటి గోలకి దండం.

తెల్లారకముందే మొదలై నడిరాత్రి దాకా తెగని గోల అది. బాత్రూం తలుపు బాదేవాడొకడు, జడ వెయ్యమని దువ్వెన పట్టుకుని వెంటపడేదొకతె, సాక్సు ఒకటే దొరికిందని ఒంటికాలి మీద గెంతేవాడొకడు. ఖమ్మంలో మిర్చి యార్డుకి కూతవేటు దూరంలో, పాత డాబా మీద ఇంకో అంతస్తు లేపుకుని ఉంటున్నాం. మా ఆయనా నేనూ, ముగ్గురు కొడుకులూ, ముగ్గురు కోడళ్ళూ, ఏడుగురు పిల్లలూ. పదిహేను పళ్ళాలు కడిగి బోర్లించే ఇల్లు. ఆ ఏడుగురిలో ఆఖరిది, మా నడిపివాడి నాలుగో సంతానం, రెండున్నరేళ్ళ చిట్టి. అది నిద్ర లేచిందంటే చాలు, ముద్దాడే నెపంతో ఎవరికి వాళ్ళు దాని కింది కనురెప్ప కొంచెం లాగి, లోపలి ఎరుపు చూసుకుని పనుల్లోకి పోతారు.

చిట్టికి తలసేమియా మేజర్. మన ఒంట్లో ఒక ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. చిట్టి మూలుగలో పుట్టే కణాలకి హిమోగ్లోబిన్ సరిగా కుదరదు, చాలామటుకు బయటికి రాకముందే చితికిపోతాయి. అందుకని మూడు వారాలకోసారి ఇంకొకరి నెత్తురు ఎక్కించాలి. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు ఈ జబ్బుని వేరుగా గుర్తుపట్టి రాసిన రోజుల్లో ఇలాంటి పిల్లలు పసితనం దాటడమే కష్టం. వందేళ్ళు గడిచాయి. మా పిల్ల డాబా ఎక్కి వడియాలు తొక్కుతోంది.

ఎక్కించిన మర్నాడు చూడాలి చిట్టిని! పప్పు డబ్బా బోర్లించి కందిపప్పులో పొర్లుతుంది. తాత కళ్ళజోడు తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో దాస్తుంది. అన్నల నోటు పుస్తకాలు తెరిచి తప్పు లెక్కలన్నిటికీ తనే రైటు కొడుతుంది. మెట్లు పాక్కుంటూ ఎక్కి, ఎండబెట్టిన వడియాల మీద పనిగట్టుకుని చెప్పులేసుకుని మరీ నడుస్తుంది. ఎవరికైనా గట్టిగా అరవాలనిపిస్తుంది. అరవం. తొక్కే సత్తువ వచ్చింది కదా అనుకుంటూ మా పెద్ద కోడలు ఆ ముక్కలు చేటలోకెత్తి నూనెలో వేయిస్తుంది. తొక్కిన వడియాలకే రుచెక్కువని ఇప్పుడు ఇంట్లో ఒక నమ్మకం కూడా ప్రబలింది. నేను మాత్రం ఒప్పుకోను. ఉప్పు సమానంగా పడితే ఏ వడియమైనా బాగుంటుంది.

రెండు వారాలు దాటాక ఎరుపు దిగుతుంది. ముందు గోళ్ళు తెల్లబడతాయి, తర్వాత పెదాలు. మెట్ల వైపు పోదు. ఎత్తుకోమని చేతులు చాస్తుంది, ఎత్తుకుంటే భుజం మీద తల వాల్చేస్తుంది. ఇంటి గోల కూడా ఎవరూ చెప్పకుండానే కాస్త తగ్గుతుంది. ఆ వారాన్ని దిగులు వారం అనుకునేరు. పరుగులు మానిన పిల్లకి ఒడి కావాలి. పదిహేనుమంది ఉన్న ఇంట్లో ఒళ్ళకి కరువా? పొద్దున తాత ఒళ్ళో పేపరు, పదకొండింటికి చిన్న కోడలి ఒళ్ళో చిక్కుడుకాయలు, బడి వదిలాక అక్క ఒళ్ళో ఎక్కాలు. కాలు నేలకి తగలకుండానే సాయంత్రమవుతుంది. రాత్రి నా దగ్గర కథ. చిట్టి కోసమని అడుగుతారు, చిట్టి సగంలో నిద్రపోతుంది, మిగతా ఆరుగురూ చివరిదాకా వింటారు.

మా గోడ మీద క్యాలెండర్‌కి పంచాంగం తిథులతో పాటు బ్లడ్‌బ్యాంకు తిథులు కూడా ఉంటాయి. ఎర్ర పెన్నుతో చుట్టిన తేదీని ఏ పండగా దాటిపోలేదు. సద్దుల బతుకమ్మకి రెండు రోజుల ముందు ఎక్కించేలా చూసుకుంటాం. అప్పుడే తంగేడు పూలన్నీ పీకి, గునుగు నెత్తిన పోసుకుని, ఆడవాళ్ళ వలయం మధ్యలో అది తన ఆట తను ఆడగలదు. మా చిన్నవాడి కొడుక్కి జమలాపురం గుడిలో పుట్టువెంట్రుకలు తీయించడానికి ముహూర్తం అడిగితే, పంతులుగారు పంచాంగం తెరవకముందే "పాపకి ఎక్కించేదెప్పుడమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి రెండు దండాలు. చుట్టాలు కూడా ఫోన్ చేస్తే బాగున్నారా అనడం మానేశారు. "ఎంతుంది?" అంటారు, హిమోగ్లోబిన్ సంగతి. "తొమ్మిదిన్నర" అంటాను. అవతల నుంచి ఒక ఊపిరి వినిపిస్తుంది, తర్వాతే పెళ్ళి కబుర్లు.

ఇక బీట్‌రూట్ సంగతి. చిట్టికి నెత్తురు లేదని తెలిసిన రోజు నుంచి మా వీధి వీధంతా మా గుమ్మంలో బీట్‌రూట్లు, దానిమ్మకాయలు, ఖర్జూరం పొట్లాలు పెట్టి పోతోంది. ప్రేమ అది, కాదనడానికి నోరు రాదు. నిజానికి చిట్టికి ఇనుము తక్కువై వచ్చిన జబ్బు కాదిది, దానికి ఇనుము ఎక్కువవడమే గండం. ఎక్కించే ప్రతి యూనిట్‌తోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి మనిషి ఒంటికి లేదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అందుకే మా అత్తగారి నాటి ఇనప మూకుడు అటకెక్కింది, వీధిలో ఎవరు మెచ్చిన టానిక్కూ మా గడప దాటలేదు. మరి ఆ బీట్‌రూట్లన్నీ ఎక్కడికి పోతున్నాయంటారా? దానికొక కథ ఉంది, చెబుతాను.

పేరుకున్న ఇనుమును బయటికి తోడే బిళ్ళ ఒకటుంది. రోజూ పరగడుపున నీళ్ళలో కరిగించి తాగించాలి, తాగాక అరగంట ఏమీ పెట్టకూడదు. లోహపు చెంచాతో కలపొద్దన్నారని ఒక చిన్న చెక్క గరిటె కొన్నాం. ఆ గరిటె ఎవరు తిప్పాలన్నది మా ఇంట్లో రాజ్యాధికారం. వారంలో ఏడు రోజులు ఉండటం, పిల్లలు ఏడుగురే కావడం దేవుడు చూపిన దయ. తన వంతు రోజున చిట్టి తన మందు తనే తిప్పుకుని, సగం గౌను మీద ఒలకబోసుకుని, మిగతాది వాళ్ళ అన్న నోటికి అందిస్తుంది. వాడు తాగినట్టు నటిస్తాడు, అది చప్పట్లు కొడుతుంది, ఆ నవ్వుతున్న నోట్లోకి వాళ్ళమ్మ గ్లాసు వంచుతుంది. ఒలికిన మేరకి మళ్ళీ ఎంత కలపాలో డాక్టరు చెప్పారు గనక సరిపోయింది. అరగంట గడిచేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ నమలరు. ఇడ్లీ ఆవిర్లు ఊరిస్తున్నా ఏడుగురూ గడియారం కింద వరసగా కూచుంటారు. ఆ అరగంట వాళ్ళ పాటలు వినడానికైనా మా ఇంటికి రావాలి.

పిల్లల ఆటలు చెప్పాలంటే మరో దండకం కావాలి. బట్టలారేసే హ్యాంగరుకి కుంకుమ కలిపిన నీళ్ళ కవరు కట్టి, దారం వేలాడదీసి, బొమ్మలకీ పిల్లికీ నెత్తురు ఎక్కిస్తారు. ముందు గ్రూపు చూస్తారు, క్రాస్ మ్యాచ్ అంటారు, మొదటి పావుగంట పక్కనే కూచుని బొమ్మ నుదురు ముట్టి జ్వరం చూస్తారు. నిజం సిస్టర్లు ఎలా చేస్తారో సరిగ్గా అలాగే. కుస్తీ పోటీలకీ నియమం ఉంది: చిట్టి ఎడమ డొక్క మీద చెయ్యి పడకూడదు. అక్కడ ప్లీహం కొంచెం పెరిగింది. ఆ మాట నోరు తిరగని వాళ్ళు కూడా ఆ చోటు దాటి చక్కిలిగిలి పెడతారు.

ఆసుపత్రి రోజు గురించి ఎక్కువ చెప్పను. సూది సూదే. నరం దొరకని రోజుల్లో ఆ చిన్న చేతిని తిప్పి తిప్పి వెతికే సిస్టరు కళ్ళల్లోకి చూడలేక గోడ మీద టీకాల పట్టిక చదువుతాను. దొరికాక సంచీలోంచి దిగేది వంద, వందయాభై మిల్లీలీటర్లు, అంతే. అయినా మూడు నాలుగు గంటలు పడుతుంది. సగం సంచీ అయ్యేసరికి అరచేతులు గులాబీ రంగుకి తిరుగుతాయి, ముప్పావు సంచీకి ఆకలంటుంది, ఆఖరి బొట్లకి పక్క మంచం పిల్లాడి బిస్కెట్ లాక్కుంటుంది. ఆ పిల్లాడూ ఊరుకోడు, వాడికీ అప్పుడే ఎక్కుతోంది కదా!

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మెండెల్ బఠాణీల బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో! 1866లో అచ్చయిన ఆ లెక్క ముసలితనంలో నా ఇంటికి నడిచొచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసేమియా మైనర్లయితే, అంటే జబ్బు పడకుండా ఆ లోపాన్ని మోసేవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు మేజర్ పుట్టే అవకాశం. ముందు ముగ్గురు బాగా పుట్టారని నాలుగో కాన్పుకి రాయితీ దొరకదు, లెక్క మళ్ళీ మొదటి నుంచే. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయిస్తే మావైపు మైనర్ నేనేనని తేలింది. మా నడిపి కోడలు రిపోర్టు చూసి, "పోనీలే అత్తయ్యా, మీ ముక్కు కూడా వచ్చింది దానికి" అంది. ఆ పిల్లకి ఏ నోముల ఫలంగా అత్తనయ్యానో. ఇప్పుడు మా బంధువుల్లో ఎక్కడ సంబంధం కుదురుతున్నా, జాతకాల కంటే ముందు, మైనరో కాదో చెప్పే హెచ్‌బీ ఎ2 రిపోర్టు అడుగుతున్నారు. ఇద్దరిలో ఒకరు మైనర్ కాకపోతే మేజర్ భయం లేదు, బాజాలు మోగించుకోవచ్చు.

నాలుగింట ఒక వంతు లెక్క ఇంకో చోట మాకు మేలే చేసింది. మూలుగ మార్పిడికి ఒక తోబుట్టువుది ఇంకొకరికి సరిపోయే అవకాశం కూడా అంతే. చిట్టి అన్నలకీ అక్కకీ దవడ లోపల పుల్లతో తుడిచి పరీక్షకి పంపితే, ఆరేళ్ళ వాడిది సరిపోయింది. మార్పిడి ఎప్పుడన్నది డాక్టర్లు చూసుకుంటారు, ఖర్చు సంగతి పెద్దవాళ్ళం చూసుకుంటాం. వాడు మాత్రం ఆ రోజు నుంచి జామచెట్టు ఎక్కడం మానేశాడు. ఎందుకురా అంటే, "నా బొక్కలు చిట్టివి" అన్నాడు. పాలు రెండు గ్లాసులు తాగుతున్నాడు. నాలుగింట ఒకటి అని బల్ల మీద రాసిన చేత్తోనే వాడి నెత్తి నిమిరాను.

ఇప్పుడు అసలు దండం.

పదిహేనుమంది ఉన్న ఇల్లు కదా, నెత్తురుకేం కొదవ అనుకుంది ఊరు. మేమూ అనుకున్నాం, చొక్కా చేతులు మడుచుకుని వరస కట్టాం. డాక్టరు వద్దన్నారు. దగ్గరి రక్తసంబంధీకుల నెత్తురు ఎక్కిస్తే అరుదుగానైనా ప్రాణం మీదికొచ్చే ప్రమాదముందట. రేపు మూలుగ మార్పిడికీ అది అడ్డంకి కావచ్చట. కడుపున మోసిన తల్లి, భుజాన మోసే తండ్రి, ఒళ్ళో మోసే నానమ్మ, రక్తసంబంధం ఉన్న మాలో ఎవరిదీ పనికిరాదు. పరాయివాళ్ళదే కావాలి. గ్రూపు బి పాజిటివ్, మనిషి ఎవరైనా సరే.

ఎవరు వాళ్ళు? 1901లో లాండ్‌స్టెయినర్ నెత్తురును గ్రూపులుగా విడదీసి చూపించాడు గనక, అందులో కులం గ్రూపు ఏదీ కనబడలేదు గనక, ఎవరైనా కావచ్చు. నెత్తురు అమ్ముకుని పూట గడుపుకునే మనుషులు ఉన్న రోజులు నాకు తెలుసు. 1996లో సుప్రీంకోర్టు ఆ అమ్మకం ఆపెయ్యమంది. కాబట్టి చిట్టి ఒంట్లో తిరిగేది ఊరికే ఇచ్చిన నెత్తురు. వడియాలు తొక్కిన కాలిలో ఒక బస్సు కండక్టరు ఉన్నాడేమో. తాత కళ్ళజోడు దాచిన చేతిలో డిగ్రీ చదివే అమ్మాయి ఉందేమో. మా ఇంటి గోలలో వాళ్ళ గొంతులూ ఉన్నాయి. పళ్ళాలు పదిహేనే గానీ తింటున్నవాళ్ళ లెక్క నాకు అందదు. పేరు తెలీని తండ్రులారా, ముఖం చూడని తల్లులారా, చిట్టి మీ అందరి ఇంటి పేర్లతోనూ అల్లరి చేస్తోంది, దండాలు.

బదులు తీర్చుకోవద్దూ? మా ఇంట్లో ఇవ్వగలిగిన వాళ్ళు బ్లడ్‌బ్యాంకులో ఇస్తున్నారు, ఎవరికి పోతుందో అడక్కుండా. మగవాళ్ళు మూడు నెలలకి, ఆడవాళ్ళు నాలుగు నెలలకి. హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే తీసుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్ద కోడలికి పదకొండు, చిన్న కోడలికి పదకొండున్నర. ఇద్దరినీ వెనక్కి పంపేశారు. పదిహేనుమందికి వండి వడ్డించి ఆఖర్న మిగిలింది తినే ఆడవాళ్ళకి అంతకంటే ఎక్కువ ఎక్కడిది? చిట్టి వల్ల బయటపడింది ఆ సంగతి. ఇప్పుడు ఆ కోడళ్ళిద్దరూ మా ఆయనతో పాటు మొదటి బంతిలో కూచుంటున్నారు. వీధి వాళ్ళు తెచ్చే బీట్‌రూట్, ఖర్జూరం అంతా వాళ్ళ పళ్ళాల్లోకే. డాక్టరు రాసిన బిళ్ళలూ వేసుకున్నారు. పోయిన సంక్రాంతికి ఇద్దరూ గట్టెక్కి, నెత్తురిచ్చి, పట్టీ అంటించిన చేతులతో ముగ్గు వేశారు.

మే నెల ఒక్కటే కటకట. కాలేజీలు మూసేస్తారు, శిబిరాలు ఉండవు, ఖమ్మం ఎండకి మనుషులు గడప దాటరు. మే 8న తలసేమియా దినమని బ్యానరు కడతారు గానీ ఫ్రిజ్‌లో అరలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు ఆదుకునేది మా ఆయన ఒకప్పుడు అడ్తి గుమస్తాగా పనిచేసిన యార్డు. మిర్చి బస్తాలు మోసి మోసి మెడలు కాయలు కాచిన హమాలీలు, ఘాటుకి తుమ్ముకుంటూ, లుంగీలు దులుపుకుని వస్తారు. ఈ ఏడు వాళ్ళ మేస్త్రి తెల్లారి ఆరింటికే మా ఆయనకి ఫోన్ కొట్టాడు. నేనే ఎత్తాను.

"అమ్మా, సారు లేడా? పాపకి ఈపాలి నలుగురం వస్తున్నం. మావోడు ఒకడు కొత్తగ చేరిండు, మొన్ననే పద్దెనిమిది నిండినయి, నేను గూడ ఇస్తనని ఒకటే లొల్లి. నలభై ఐదు కిలోలు ఉండాలె గద? బక్కోడు, ఉంటడో ఉండడో. జరాగండి, ఇప్పుడే కాంటా మీద నిలబెట్టి చెప్త."

ఫోన్ పెట్టెయ్యలేదు. వెనకాల కాంటా చప్పుడు, నలుగురి నవ్వులు. మేస్త్రి గొంతు మళ్ళీ వచ్చింది.

"నలభై ఏడున్నరమ్మా! చెప్పులు గూడ ఇడిపిచ్చినం!"