మందు మార్చేది ఎవరికి? మనువు మార్చేది ఎవరికి?

డీఎన్‌ఏ పరీక్ష అనగానే పత్రికలు ఆరోగ్య విప్లవం అంటాయి. సైన్సుకి కులం లేదంటాయి. నిజమే, జన్యువుకి కులం లేదు. కానీ దాని గురించిన సమాచారం ఎవరి చేతిలో పడుతుంది, ఎవరి మీద ప్రయోగమవుతుంది అన్న దగ్గర కులం వచ్చి కూచుంటుంది. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్ళం మేము. సైన్సుని కాదనం. అది మన వాడలకీ గూడేలకీ ఏ రూపంలో వస్తోందో మాత్రం అడిగి తీరతాం.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది వైశ్యులది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి సక్సామిథోనియం అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైముకి సంబంధించిన జన్యువులో లోపం వుంటే మందు ప్రభావం త్వరగా పోదు, రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. సంగతి తెలిసిన మత్తు డాక్టరు ఏం చేస్తాడు? ఆ మందు మానేసి వేరే మందు వాడతాడు. అంతే. నువ్వు ఎవర్ని చేసుకుంటావని అడగడు. జన్యు పరిజ్ఞానం వైద్యం కావడమంటే ఇదీ.

రెండోది సికిల్ సెల్. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఒళ్ళంతా నొప్పులు, రక్తహీనత. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. పాడేరు ఏజెన్సీలో వుంది, ఆదిలాబాద్ గూడేల్లో వుంది, విదర్భ దళితుల్లోనూ వుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే వాహకులంటారు. వాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే వుంటారు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ని ప్రారంభించారు. మూడేళ్ళలో 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. ముందు చేసేది హిమోగ్లోబిన్ పరీక్షే. కడుపులో బిడ్డకి జబ్బు వుందో లేదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్ష కావాలి. పరీక్ష ఏదైనా, చేతికిచ్చేది మాత్రం జన్యు స్థితి కార్డు. పెళ్ళికి ముందు ఇద్దరి కార్డులూ సరిచూసుకోమని సలహా. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ మాట తెలియడం అవసరమే. మిషన్ కాగితాల్లో చికిత్స కూడా వుంది. కానీ ప్రచారంలో ముందు నిలబడింది కార్డు. వైశ్యునికి మందు మారింది, ఆదివాసిని మనువు మార్చుకోమంటున్నారు. ఈ తేడాని సైన్సు తేలేదు.

కార్డు ఎక్కడికి దారితీస్తుందో అమెరికా చరిత్ర చూపించింది. 1971లో బ్లాక్ పాంథర్లు తమ వాడల్లో తామే సికిల్ సెల్ పరీక్షలు మొదలుపెట్టారు. 1972లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ దశాబ్దంలోనే వాహకుల్ని రోగులుగా జమకట్టి ఉద్యోగాలూ బీమా నిరాకరించారు. అక్కడి వైమానిక దళ అకాడమీ తలుపులు వాహకులకి 1981 దాకా తెరుచుకోలేదు. మన దగ్గర వాహకురాలైన ఆడపిల్లకి ఏ మాట పడుతుందో వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. వైశ్యుల్లో ఆ లోపం ఎందుకు ఎక్కువ? హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 పరిశోధన జవాబు చెప్పింది: కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం. కులానికి ప్రాణం ఈ లోపలి పెళ్ళిళ్ళేనని అంబేద్కర్ 1916లోనే తేల్చారు. కానీ ఆ పరిశోధన చూపిన దారి ఏమిటి? పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళలో పరీక్ష చేసి జోడీ చూడొచ్చని. అంటే గోడ గోడగానే వుంటుంది, జాతకం పక్కన జన్యువు చేరుతుంది. అలాగని కులాంతర వివాహాన్ని మేము జబ్బుల మందుగా అమ్మబోము. మంచి రక్తం, చెడ్డ రక్తం అనే లెక్కతో కులాన్ని సమర్థించే వాదాన్ని అంబేద్కర్ 1936లోనే ఖండించారు. కులాంతర వివాహం మనకి సమానత్వం కోసం.

కాబట్టి పరీక్ష వద్దనడం మన పని కాదు. కార్డుకన్నా ముందు గూడేనికి హైడ్రాక్సీయూరియా మాత్రలు రావాలి, నొప్పి లేచిన రాత్రి ఎక్కించడానికి రక్తం, చూసే డాక్టరు వుండాలి. ఫలితం ఆ మనిషికి తప్ప సర్పంచికీ పెళ్ళి పెద్దలకీ తెలియకూడదు. పెళ్ళి నిర్ణయం ఆ ఇద్దరిదే. ఈ మూడూ లేకుండా ఎన్ని కోట్ల కార్డులు పంచినా అది జనాభా లెక్కే అవుతుంది. ఊళ్ళల్లో పనిచేసే మిత్రులు, టీచర్లు పరీక్షల బండి వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఒకటే: జబ్బు తేలినవాళ్ళకి రేపు పొద్దున మందు ఎక్కడ దొరుకుతుంది?