పెడళ్ళు లేని సైకిలు

పోయిన వారం ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర పిన్ని వరసావిడ నా పక్కన కూర్చుంది. "గుండెకు స్టెంటు వేశారటగా, ఇప్పుడు సైకిలు నేర్చుకోవడమేంటే? హాయిగా ఇంటిపట్టున పడుకోక! పడితేనో?" అంది. పెళ్ళివారి పంక్తిలో వాదన బాగుండదని ఊరుకున్నాను గానీ, వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు.

గుండె జబ్బు చేసినవాళ్ళు కదలకూడదన్న నమ్మకం మన ఇళ్ళలో ఇంకా గట్టిగానే ఉంది. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే వైద్యం చేసిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్, నడక, సైకిలు గుండెకు మేలని ఊరూరా చెప్పినవాడు. తనూ తొక్కేవాడు. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున సైకిలు దారికి ఆయన పేరే పెట్టారు. పిన్నికి ఇదంతా చెప్పాల్సింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు, ఎక్కడికీ పోని వ్యాయామం నాకు గిట్టదు. గదిలో బెల్టు మీద నడవడం కంటే రైతుబజారుకు నడిచి కొత్తిమీర తెచ్చుకోవడం నయమని ఎన్నిసార్లు రాశానో. అందుకే డాక్టరు ఇక కదలవచ్చనగానే నా ఆశ సైకిలు మీదికి పోయింది. దాని వెనక యాభై ఏళ్ళ నాటి కథ ఉంది.

తెనాలి దగ్గర మా ఊళ్ళో బస్సు ఆగే చోట అద్దె సైకిళ్ళ కొట్టుండేది. గంటకింతని లెక్క. కొట్టాయన తలుపు మీద సుద్దముక్కతో పేరూ టైమూ రాసుకునేవాడు. అన్నయ్య సైకిలు తెస్తే వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తేది నేను. వాడు కడ్డీ కింద కాలు దూర్చి తొక్కుతుంటే, ఎప్పుడు ఒరుగుతాడో నా చేతికి ముందే తెలిసేది. ఎటు ఒరిగితే హ్యాండిల్ అటే తిప్పాలని వాడికి చెప్పింది నేనే. వాడు నేర్చుకున్నాడు. నా వంతు రాలేదు. ఆడపిల్ల సైకిలెక్కడమేమిటని ఎవరూ కోప్పడింది కూడా లేదు, అసలు ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. అదే ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంటుంది.

తర్వాత ఎప్పుడో పి. సాయినాథ్ పుస్తకంలో తమిళనాడులోని పుదుక్కోట్టై గురించి చదివాను. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పారు. కలెక్టర్ షీలారాణీ చుంకత్ ముందుండి నడిపించారు. వేలకు వేల మంది కూలీలు, క్వారీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే ఇష్టపడ్డారట. ఆ పుట దగ్గర ఆగిపోయి చాలాసేపు కూర్చున్నాను.

సరే, సైకిలు కొన్నాను. మా వీధి మెకానిక్కుతో మొదట పెడళ్ళు రెండూ విప్పించాను. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని, మామూలుగా తిప్పితే ఊడక ఇంకా బిగుసుకుంటుందని అప్పుడే తెలిసింది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించాడు. ఇక పని ఒకటే. కాళ్ళతో నేలను వెనక్కి తోయడం, పాదాలెత్తడం, ఒరిగితే మళ్ళీ ఆన్చడం. పెద్దవయసులో నేర్చుకునేవాళ్ళకు దీన్ని మించిన దారి నాకు కనపడలేదు. ఎవరూ వెనక పట్టుకుని పరుగెత్తనక్కర్లేదు.

అయితే పిన్ని చివర్లో అన్న "పడితేనో?"ను పక్కన పెట్టలేను. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇస్తారు. అవి వాడుతున్నప్పుడు చిన్న గీరుకే రక్తం ఓ పట్టాన ఆగదు. తలకు దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. కొత్తగా సైకిలెక్కినవాళ్ళు పడకుండా ఉండరు. రోడ్డు మీద అసలే చెప్పలేం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, అక్కడికి రమ్మని ఒక స్నేహితురాలు పిలుస్తోంది. వెళ్ళాలనే ఉంది, కానీ ఇప్పుడు కాదు.

గుండెకు బలం రావాలంటే ఆగకుండా కొంతసేపు తొక్కాలి. తూకం నేర్చుకునేవాళ్ళకు ఆగకుండా తొక్కడం కుదరదు. ఈ రెండూ వేరు వేరు పనులు. ఇన్నేళ్ళూ నేను తిట్టిన ఆ కదలని సైకిలే మొదటి పనికి సరైనదని ఫిజియోథెరపిస్టు చెప్పింది, ఒప్పుకుని తెచ్చుకున్నాను. రోజూ సాయంత్రం కిటికీ పక్కన దాన్ని తొక్కుతున్నాను. బీటా బ్లాకర్ మాత్ర నాడిని పెరగనివ్వదు కాబట్టి చేతి గడియారంలో అంకెను నమ్ముకోవడం లేదు. తొక్కుతూ ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలిగితే సరైన జోరులో ఉన్నట్టు. మాట తెగుతుంటే తగ్గించాలి. ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆపేసి డాక్టరుకు ఫోను చేయాలి. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ డాక్టరును అడగండి, వాడే మాత్రలన్నీ చూపించండి.

పొద్దున పూట మాత్రం హెల్మెట్ పెట్టుకుని, పెడళ్ళు లేని సైకిలుతో పక్కవీధి బడి మైదానానికి వెళ్తున్నాను. ఆరింటికి గేటు తీయడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. నన్ను చూసి మోకాళ్ళ నొప్పులున్న ఎదురింటావిడ కూడా వస్తానంది. వాళ్ళ మనవరాలి పాత సైకిలు మేడ మీద ఉందట. రేపు దాన్ని దింపించి, పెడళ్ళు విప్పించాలి.