ఏడు అంటే ఏ ఏడు?

బల్గేరియాలో రచెనిట్సా అనే ఆట ఉంది. రుమాలు ఊపుతూ, చిన్న చిన్న అడుగులతో ఆడతారు. దాని నడక 2+2+3. పక్కనే ఉన్న మాసిడోనియాలో లెస్నోటో ఆట నడక 3+2+2. కూడితే రెండూ ఏడే. అయినా మొదటి ఆటకి అలవాటుపడ్డ కాలు రెండోదానికి తడబడుతుంది, ఎందుకంటే పొడవు అడుగు చోటు మారిపోయింది. ఈ రెండు బాణీల్నీ కంప్యూటర్లో స్టాఫ్ నొటేషన్‌గా రాస్తూ, టైమ్ సిగ్నేచర్ అడిగిన చోట 7/8 అని కొట్టి ఊరుకుంటే, రెండూ ఒకే మూసలో కూర్చుంటాయి.

పాశ్చాత్య సంగీతంలో 6/8, 9/8, 12/8 లాంటి లయల్లో విభజన సమానం. ప్రతి దెబ్బలోనూ మూడేసి చిన్న కాలాలుంటాయి. బాల్కన్ ఆటల్లో దెబ్బలే సమానం కావు. పైదుష్కో 2+3, దైచోవో 2+2+2+3, కోపానిట్సా 2+2+3+2+2. 1913లో దోబ్రి హ్రిస్తోవ్ అనే బల్గేరియన్ స్వరకర్త ఈ లయల మీద ఒక పరిశీలన ప్రచురించాడు. తర్వాత హంగేరీకి చెందిన బేలా బార్తోక్ వీటి వెంటపడ్డాడు. 1934లో రాసిన ఐదో స్ట్రింగ్ క్వార్టెట్‌లో మూడో భాగాన్ని బల్గేరియన్ పద్ధతిలో నడిపి, 1938లో ఈ లయ మీదే ప్రసంగ వ్యాసం రాశాడు. 153 పియానో రచనల ‘మైక్రోకాస్మోస్’లో చివరి ఆరూ బల్గేరియన్ లయలో సాగే ఆటలే.

ఆ ఆరింటి పేజీలు చూస్తే బార్తోక్ చేసిన పని అర్థమవుతుంది. 148వ రచన మొదట్లో 9/8 అని ఉండదు, ఎనిమిది మీద 4+2+3 అని ఉంటుంది. 151వది 3+2+3, 153వది 3+3+2. రెండింటి మొత్తమూ ఎనిమిదే కాబట్టి, 8/8 అని రాసుంటే వాటిని విడదీసి చెప్పేందుకు అంకెల్లో ఏమీ మిగిలేది కాదు.

నేటి సాఫ్ట్‌వేర్లు ఇలా విభజన చెప్పే వసతి ఇస్తాయి, కానీ అడిగితేనే. అడగకపోతే తమకు తోచిన విభజన పెట్టేస్తాయి. ఉచితంగా దొరికే లిలీపాండ్ 8/8ని తనంతట తాను 3+3+2గా విడగొడుతుంది. అది 153వ రచనకి అచ్చంగా సరిపోతుంది, 151వదానికి తప్పవుతుంది. సిబేలియస్‌లో టైమ్ సిగ్నేచర్ కిటికీలోనే బీమ్ (ఎయిత్ నోట్లని కలిపే అడ్డగీత) గుంపుల సెట్టింగు ఉంటుంది, రచెనిట్సాకి అక్కడ 2,2,3 అని చెప్పాలి. మ్యూజ్‌స్కోర్‌లో పేజీ మీద కనిపించే అంకె వేరు, లోపల లెక్కించే కొలత వేరు. రెండింటినీ విడివిడిగా మార్చుకోవచ్చు. వీటన్నిటిలోకీ డోరికో తీరు ముచ్చటగా ఉంటుంది. షిఫ్ట్‌తో పాటు ఎమ్ నొక్కి [2+2+3]/8 అని కొడితే పేజీ మీద మామూలు 7/8 కనిపిస్తుంది, స్వరాలు మాత్రం రెండు, రెండు, మూడుగా జతకడతాయి. ఆ చదరపు బ్రాకెట్లు తీసేస్తే కూడిక మొత్తం అచ్చులో కనిపిస్తుంది.

వాయించేవాడి కన్ను టైమ్ సిగ్నేచర్‌ని ఒక్కసారే చూస్తుంది. ఆ తర్వాత పేజీ చివరిదాకా అతన్ని నడిపించేది ఎయిత్ నోట్లని కలిపే ఆ బీమే. అది తప్పుచోట తెగితే విల్లు కూడా తప్పుచోటే తిరుగుతుంది. గుంపు సరిహద్దు దాటే స్వరాల సంగతి ఇంకా సున్నితం. 2+2+3లో రెండో ఎయిత్ నోట్ దగ్గర మొదలై మూడు కాలాలు నిలిచే స్వరాన్ని ఒకే గుర్తుతో రాస్తే, మధ్యలో పడాల్సిన దెబ్బ దాని కింద మాయమవుతుంది. ఒకటి, రెండుగా విడగొట్టి టై అనే వంపు గీతతో కలపాలి. డోరికో ఈ పని తానే చేసుకుంటుంది. మ్యూజ్‌స్కోర్‌లో దీనికి విడిగా ఒక ఆదేశం ఉంది, కానీ అది తేల్చినదాన్ని మనిషి ఒకసారి చూసుకోవడం మంచిది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇదంతా పాత కథలా అనిపించవచ్చు. తెలుగు స్వరపుస్తకాల్లో తాళంలో ఒక అంగం (భాగం) పూర్తయ్యే చోట ఒక నిలువు గీత, ఆవర్తం (తాళం ఒక చుట్టు) పూర్తయ్యే చోట రెండు గీతలు ఎప్పటినుంచో ఉన్నాయి. మిశ్రచాపు తాళం 3+4. శ్యామశాస్త్రి రచనల్లో కనిపించే విలోమచాపు 4+3. లెక్క కలిసినంత మాత్రాన రచెనిట్సా, విలోమచాపు చుట్టాలైపోవు; ఒకటి పరుగెత్తే కాళ్లకోసం పుట్టింది, రెండోది నిదానంగా విచ్చుకునే కీర్తనలో నిలిచింది. అయితే స్టాఫ్‌లోకి దించేటప్పుడు రెండింటికీ వచ్చే చిక్కు ఒక్కటే.

ఆదితాళాన్నే తీసుకుందాం. చాలామంది ఆలోచించకుండా 4/4 పెడతారు. దాంతో ఎనిమిది అక్షరాల ఆవర్తం రెండు బార్లుగా చీలి, రెండక్షరాల మొదటి ద్రుతం ఇంకో సమంలా, అంటే ఆవర్తం మొదలులా, కనిపిస్తుంది. ఎగ్జామ్‌కి చదివే పిల్లకైనా తెలిసిన 4+2+2ని ఆ పేజీ చెప్పలేకపోతుంది. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణం ‘విరిబోణి’ ఇంకా గట్టి పరీక్ష. ఖండజాతి అటతాళం అంటే రెండు ఐదక్షరాల లఘువులు, రెండు ద్రుతాలు: 5+5+2+2, మొత్తం పద్నాలుగు. అక్షరానికి ఒక క్వార్టర్ నోట్ చొప్పున 14/4గా రాస్తే, క్వార్టర్ నోట్లకి బీములుండవు గనక గుంపుల్ని చూపే దారి మూసుకుపోతుంది. అప్పుడు బార్ లోపల అంగం తెగే చోటల్లా చుక్కల గీత వేయాలి. మన పుస్తకాల్లోని ఒంటి గీత చేసేది అదే పని. సంగీతం మీద మమకారమున్న ఏ సాఫ్ట్‌వేరైనా ఆ గీత వేయనిస్తుంది, కాస్త వెతుక్కోవాలి.

1988లో వచ్చిన ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని 2024 ఆగస్టులో ఆపేశారు. అందులో ఏళ్ల తరబడి రాసుకున్నవాళ్లు ఇప్పుడు మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మార్పిడి ఫైలు రూపంలో తమ పేజీల్ని వేరే ఇళ్లకి మారుస్తున్నారు. ఆ ఫైలు టైమ్ సిగ్నేచర్‌ని 3+2 అనే కూడికగానే మోయగలదు, ప్రతి స్వరం బీమ్‌నీ విడిగా రాసుకోగలదు. దింపుకునే ప్రోగ్రాం దాన్ని గౌరవిస్తుందో లేదో తెలియాలంటే, ఏడో పద్నాలుగో ఉన్న ఒక పేజీని ముందు మార్చి చూసుకుని, ఆ తర్వాతే మిగతావి ముట్టుకోవాలి.