మరలో నైస్

శృంగవరపుకోటలో పిండిమర దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: “బాబూ, చోళ్లు నైస్‌గా ఆడు. బరకుంటే అంబలి బాగోదు.” ఇక్కడ నైస్ అంటే మెత్తన. వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకూడదు.

మాటల పుట్టుక వెతకడం నాకు ఏళ్ల నాటి అలవాటు. ఈ నైస్ అంత దూరం నడిచిన మాటలు తక్కువ. దీని మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ అంటే కాదు, ‘స్కీరె’ అంటే తెలియడం. వెరసి, ఏమీ తెలియనివాడు. ఆ ‘నె’ సంస్కృతంలోని ‘న’కు చుట్టమే. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఇది తిట్టు: తెలివితక్కువ అని. తర్వాత ప్రతిదానికీ పట్టింపులకు పోయేవాళ్లకు అంటుకుంది. పట్టింపు నుంచి సూక్ష్మం, కచ్చితం అన్న అర్థాలు వచ్చాయి. ‘బాగుంది’ అనడం 18వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. స్థిరపడ్డాక అన్నిటికీ అదే మాట. జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ అబ్బే’లో హెన్రీ టిల్నీ ఆటపట్టించేది ఆ వాడుకనే.

అందుకే మర దగ్గరి నైస్‌ను తప్పు ఇంగ్లీషు అంటే నేను ఒప్పుకోను. తెలివితక్కువను ‘బాగుంది’ దాకా నడిపించింది ఆ భాష మాట్లాడే జనమే. మెత్తన దాకా నడిపించింది మన జనం. “నైస్‌గా తప్పుకున్నాడు” అన్నప్పుడు అందులో ఇంకో అర్థం ఉంది: ఎవరినీ నొప్పించకుండా, చప్పుడు కాకుండా. ఇవి తెలుగు అర్థాలు. తెలుగు నిఘంటువులో వీటికి చోటుండాలి.

జనం నోటి మాటను నిఘంటువుకెక్కించే పనికి దారి చూపినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర మాటలను సవరల నోటనే విని నేర్చుకున్నారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962 నాటి వ్యవసాయ పదకోశం కోసం రైతులు వాడే మాటలను ఊరూరా సేకరింపజేశారు. రాగుల్ని మనవైపు చోళ్లంటాం, సజ్జల్ని గంట్లంటాం. ఇలాంటివి ఊళ్లో అడిగితేనే దొరుకుతాయి.

ఈ వారం మరకో సంతకో వెళ్లినప్పుడు వినబడ్డ ఒక మాటను, అన్నవాళ్ల వాక్యంతో సహా, ఊరి పేరూ తేదీ వేసి రాసిపెట్టండి. మీ పిల్లల చేత కూడా రాయించండి.