లగ్గపు సన్నాయి, కచేరీ నాదస్వరం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో లగ్గం జరిగే ఇంట రెండు రకాల ఊదుడు వాద్యాలు వినిపిస్తాయి. బారాత్ వెంట వీధిలో నడిచే బ్యాండు మేళపు ట్రంపెట్ ఒకటి. మైలపోలు మొదలుకొని ఎదురుకోళ్లు, జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ దాకా తంతులో భాగంగా సాగే భజంత్రీల సన్నాయి మరొకటి. తెలంగాణ పల్లెల్లో సన్నాయి వాదనం తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాల వృత్తివిద్య. అది పెళ్లికి శుభసూచకమని అందరూ ఒప్పుకుంటారు గాని, దాని వెనక కచేరీ వేదికకు ఏమాత్రం తీసిపోని శాస్త్రీయ విద్య ఉందన్న గుర్తింపు మాత్రం తక్కువ.

ట్రంపెట్‌లో నాదం వాదకుడి పెదవుల కంపనం నుంచే పుడుతుంది. యూరప్‌లో చాలాకాలం దానికి మీటలు లేనందున, ఒక గొట్టం సహజంగా పలికే కొన్ని స్వరాలకే అది పరిమితమై ఉండేది. వియన్నా వాదకుడు ఆంటన్ వైడింగర్ రంధ్రాలకు మూతలు అమర్చిన ట్రంపెట్‌ను వాయించగా, దాని కోసమే స్వరకర్త హైడన్ 1796లో తన ప్రసిద్ధ కన్చెర్టో రాశాడు. గాలి దారిని పొడిగించే వాల్వులు ఆ తరువాతి శతాబ్దంలో వచ్చాయి. అక్కడ స్వరాల కొరతను యంత్రం తీర్చింది. సన్నాయికి, దానికంటే పొడవై గంభీరంగా పలికే నాదస్వరానికి అటువంటి యంత్రమేదీ లేదు. ఏడు రంధ్రాల మీద వేళ్లు, పీక మీద పెదవులు, పొట్టలోంచి వచ్చే ఊపిరి, ఇవే వాటి సరంజామా.

పీక అంటే నాణల్ జాతి రెల్లును చదునుచేసి, రెండు రేకులు ఎదురెదురుగా ఉండేలా దారంతో బిగించిన చిన్న నోటిముక్క. తంజావూరు వారు దీన్ని సీవాళి అంటారు. వాద్యానికి వేలాడే దండలో అదనపు పీకలూ, వాటి నోరు సరిచేసే సన్నని సూదీ ఉంటాయి. విద్వాంసుడు వాయించబోయే ముందు పీకను నోట్లో తడిపి, ఒట్టి పీకనే ఒకసారి ఊది చూస్తాడు. రేకుల నడుమ సందు ఎక్కువైతే ఊపిరి చాలదు, తక్కువైతే నాదం నలుగుతుంది.

కర్ణాటక సంగీతంలో స్వరం నిలకడగా ఒక్కచోట ఉండదు. తోడి రాగంలోని గాంధారం ఇటు రిషభం వైపు, అటు మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపునే గమకం అంటారు. నాదస్వరంలో రంధ్రాన్ని వేలితో సగం మూసి, అదే క్షణంలో పీక మీద పెదవుల పట్టు బిగించి లేదా సడలించి గమకాన్ని రాబట్టాలి. వేలు ఒకటి చెప్పి పెదవి మరొకటి చెబితే అపశ్రుతి తప్పదు. నాలుకతో గాలిని తెంచుతూ స్వరాలను విడివిడిగా పలికించే తుత్తుకారం దీనికి తోడయ్యే మరో సాధన. వెనక శ్రుతి నిలిపే ఒత్తు అనే వాద్యం వాయించేవాడు బుగ్గల్లో గాలి నిలుపుకొని ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ నాదం తెగకుండా చూసేవాడు. ఇప్పుడు ఆ చోట శ్రుతిపెట్టె కూర్చుంది.

ఈ విద్య ఎంత సాధన కోరుతుందో షేక్ చినమౌలానా జీవితం చెబుతుంది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో, తరాలుగా నాదస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన, తండ్రి దగ్గర అక్షరాభ్యాసం చేసి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర అక్కడి బాణీని పట్టుకున్నారు. కోస్తా జిల్లాల్లో ఇలాంటి ముస్లిం కుటుంబాలు ఆలయోత్సవాలకూ పెళ్లిళ్లకూ వాయించడం ఎవరికీ వింతగా తోచని విషయం. ఆయన అక్కడితో ఆగినా పేరుకు లోటుండేది కాదు. కానీ తంజావూరు బాణీలోని నిదానమైన రాగాలాపనకు ఆకర్షితులై, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణు పిళ్లైల దగ్గర మళ్లీ శిష్యరికం చేశారు. చేయి తిరిగిన వాద్యకారుడు పెదవుల పట్టునూ వేళ్ల నడకనూ మార్చుకోవడం కొత్తగా నేర్వడం కంటే కష్టం. ఆయన జీవితంలో మిగతా ఏ ఘట్టం కంటే ఇదే గొప్పదనిపిస్తుంది. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి, కులమత భేదం లేకుండా శిష్యులను తయారుచేశారు. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు లభించాయి, 1999లో కన్నుమూశారు. శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్నారు.

శ్రీరంగపు కచేరీకీ, ఎల్లారెడ్డి పెళ్లిపందిరికీ మధ్య తేడా ప్రతిభలో కంటే వ్యవధిలోనే ఎక్కువగా ఉంది. కావేరీ తీరపు ఆలయాల్లో ఊరేగింపు రాత్రంతా సాగేది గనుక ఒకే రాగాన్ని గంటల కొద్దీ పెంచే వీలు వాద్యకారుడికి దొరికింది. పందిట్లో సన్నాయికి దక్కేది పురోహితుడి మంత్రానికీ ఫోటోల వాళ్ల సైగకూ నడుమ మిగిలిన కొద్ది నిమిషాలు. మాంగల్యధారణ వేళ డోలు జోరుగా మోగే గట్టిమేళంలో రాగవిస్తారానికి చోటే లేదు. తుమ్ములూ అశుభపు మాటలూ వినబడకుండా చేయడమే దాని ఉద్దేశమని పెద్దలు చెబుతారు. మైకులో సినిమా పాట మొదలయ్యాక భజంత్రీ కూడా ఆ పాటనే అందుకోవలసి వస్తుంది, ఎందుకంటే పిలిచినవారు కోరేది అదే. అయినా అదే పీక మీద, అదే ఊపిరితో, ఆ పాటలోని సాగదీతను అతడు గమకంగా మలిచినప్పుడు, చెవి ఉన్నవారికి అది ఏ విద్యో ఇట్టే తెలుస్తుంది.