23 కిలోల విద్య

మా వీధిలో ఎవరి పిల్లలు పైచదువులకి విమానం ఎక్కుతున్నా పెట్టె సర్దడానికి నాకు కబురొస్తుంది. రాజమండ్రిలో ఆవకాయ పెట్టగలిగినవాళ్ళు ఇంటికొకరుంటారు. ఆ ఆవకాయని నూనె బొట్టు కారకుండా సముద్రాలు దాటించగలిగినవాళ్ళే తక్కువ. పైన తేలే నూనె వంచేసి, ముక్క మునిగేంత మటుకే ఉంచి, ప్లాస్టిక్ డబ్బాలోకి అంచుదాకా కూరాలి. డబ్బాలో గాలి మిగలకూడదు. పైకెళ్ళాక ఆ గాలే ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది. మూత కింద పాలిథిన్ ముక్క, మూత చుట్టూ టేపు, దానిపైన జిప్పు కవరు, అన్నింటికీ పైన పాత లుంగీ. గాజు సీసా తెచ్చినవాళ్ళని గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను.

జర్మనీ ప్రయాణమైతే పెట్టెకి 23 కిలోల బరువు కన్నా నిబంధనలతోనే గొడవ ఎక్కువ. బయటి దేశాల ప్రయాణికులు మాంసంతో, పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. కోడి పచ్చడి అక్కడే ఆగిపోయింది. నెయ్యీ, కోవా కూడా అంతే. చేపలూ రొయ్యలూ మాత్రం 20 కిలోల దాకా తీసుకెళ్ళొచ్చు కాబట్టి భీమవరం రొయ్యల పచ్చడికి ఢోకా లేదు. పచ్చి ఆకులకీ పళ్ళకీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, కరివేపాకు రెబ్బయినా, బంగినపల్లి పండయినా. ఆ పత్రం అక్కర్లేనివి ఐదే ఐదు: అనాస, కొబ్బరికాయ, దురియన్, అరటిపండు, ఖర్జూరం. అందులో రెండు మా కోనసీమ సరుకేనండోయ్! ఎండుకొబ్బరి సంగతి వేరు. అందులో నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కి అంటుకోగలదని 2022లో మన విమానాశ్రయాల్లో చెకిన్ సామాన్లలో నిషేధించారు. ఈ సంగతి చెప్తే ముసలమ్మలు నా మొహం వంక అనుమానంగా చూస్తారు.

బారిస్టరు చదువుకని మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశాన్ని మొక్కపాటి నరసింహశాస్త్రిగారు మనకి పరిచయం చేసింది 1924లో. ఇప్పటి పిల్లలకి ఆ అమాయకత్వం లేదు. డ్రెస్డెన్‌లో ఏ ట్రామ్ ఎక్కడ మలుపు తిరుగుతుందో మా దానవాయిపేటలో కూర్చునే చెప్పేస్తారు. తీరా దిగాక మొదటి నాలుగు రోజులూ మాత్రం పార్వతీశం రోజులే.

మా చెల్లి కూతురు డ్రెస్డెన్‌లో శనివారం రాత్రి దిగింది. గదిలో మంచం ఉంది, పరుపు ఉంది. దుప్పటి లేదు, తలగడ లేదు. తెల్లారితే ఆదివారం. జర్మనీలో ఆ రోజు పెద్ద రైల్వేస్టేషన్లలోవీ, పెట్రోలు బంకుల్లోవీ తప్ప దాదాపు దుకాణాలన్నిటికీ తాళాలే. "పెద్దమ్మా, కర్ఫ్యూ పెట్టారేమో అనుకున్నానే," అంది ఫోన్లో. కొత్త రైస్ కుక్కర్ ఉందిగానీ, మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడలో దూరదు. ఆ పూట గడిపింది పెట్టెలో పైపొర. ఒక దుప్పటి, ఒక తువ్వాలు, వేడినీళ్ళు పోస్తే నానిపోయే పోపు పెట్టిన అటుకులు, రెండు పిన్నుల కెటిల్.

ఏడాది గ్రాసం సర్దే తల్లులతో నేను పోట్లాడేది ఇందుకే. కందిపప్పు, ఇంగువ, చింతపండు ఇప్పుడు అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. దొరకనిది ఆ మొదటి ఆదివారమే.

సోమవారం నుంచి కాగితాలు. గదిలో చేరిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. నమోదు కాగితం చూపిస్తేగానీ చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. ఖాతా ఉంటేనే, వీసా కోసం ముందే కట్టిన 11,904 యూరోల్లోంచి నెలకి 992 చొప్పున చేతికొస్తాయి. మన డబ్బు మనకి రావడానికి ఇన్ని మెట్లు! అందుకే ఫైలు ఎప్పుడూ చేతిసంచిలోనే, ప్రతి కాగితానికీ రెండేసి నకళ్ళతో.

ఈమధ్య పైపొరలో ఇంకో రెండు వస్తువులు చేర్చాను, ఒక మార్కర్ పెన్నూ ఒక సెల్లోటేపూ. అక్కడి అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. పోస్టుపెట్టె మీద పేరుంటేనే ఉత్తరం. బ్యాంకు పిన్నూ, ఆరోగ్య బీమా కార్డూ, పన్ను నంబరూ అన్నీ టపాలోనే వస్తాయి. పేరు అంటించకపోతే వచ్చిన దారినే వెనక్కి. రాజమండ్రిలో "ఫలానా మేష్టారి మనవరాలు" అంటే పోస్ట్‌మ్యానే ఇల్లు వెతుక్కుని వస్తాడు, ఆయ్! మా పిల్లది ఇంటిపేరూ, ఇద్దరు దేవుళ్ళ పేర్లూ, నాయనమ్మ పేరూ కలిసిన పేరు. అంత పేరు ఆ బుల్లి చీటీలో పట్టక ఇంటిపేరొక్కటే రాసి అంటించింది.

ఆ పేరు వెతుక్కుంటూ వచ్చిన మొదటి ఉత్తరం బ్యాంకుది కాదు. రేడియో, టీవీ రుసుము కట్టమని నోటీసు, ఇంటికి నెలకి 18.36 యూరోలు. గదిలో టీవీ లేదు, రేడియో లేదు. అయినా కట్టాల్సిందేనట. పిల్ల లబోదిబోమంది. మా చెల్లి మాత్రం, "పోన్లే, అడ్రసు కరెక్టే అన్నమాట," అంది.